అసిస్టెంట్ కోచ్ దిలావర్

దిలావర్ పద్నాలుగు బంతులకు గాలి కొట్టాడు. ఒక్కోదాన్ని రెండు బొటనవేళ్ళతో నొక్కి చూసి వలసంచిలో వేశాడు. పదిహేనో బంతి కుట్టు దగ్గర గాలి వదులుతోందని పక్కన పెట్టాడు. స్టోర్‌కు తాళం వేసి, తాళంచెవి గేటు దగ్గరున్న వాచ్‌మన్ మౌలా సాహెబ్ చేతికిచ్చి, "ఎడమ చెయ్యి గుంజుతాంది సాహెబ్. ఇంటికి పోయి మగ్రిబ్ దాకా పండుకుంటా" అన్నాడు.

కాలేజీ నుంచి రియాద్ మలాజ్‌లో అతనూ గోపాలకృష్ణా ఉండే ఫ్లాటు పన్నెండు నిమిషాల నడక. ఆఫీసు ముగించుకుని గోపాలకృష్ణ వచ్చేసరికి చెప్పులు గుమ్మం బయట జతగా ఉన్నాయి. లోపల ఏసీ నడుస్తోంది. దిలావర్ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అలసిపోయి ఉంటాడనుకుని గోపాలకృష్ణ చప్పుడు చెయ్యకుండా టీ పెట్టుకున్నాడు. పొద్దుగూకి మగ్రిబ్ బాంగు అయిపోయింది. ఆ బాంగుకు లేవకుండా దిలావర్ ఎన్నడూ ఉండలేదు. అప్పుడు వెళ్ళి భుజం తట్టాడు.

నలభై ఆరేళ్ళు. బీపీ లేదు, షుగర్ లేదు. షుగర్ ఉన్నది గోపాలకృష్ణకు. ఇన్సులిన్ సంగతి రోజూ గుర్తుచేసింది దిలావర్.

వాళ్ళిద్దరూ కలిసి ఉండటం పదకొండేళ్ళ మాట. గోపాలకృష్ణది అమలాపురం దగ్గర ఊరు. ఆ ప్రైవేటు కాలేజీ ఆఫీసులో ఉద్యోగుల కాగితాలన్నీ చూసే గుమాస్తా. ఎవరి నివాసపు కార్డు ఇకామా ఎప్పుడు అయిపోతుందో, ఎవరి కాంట్రాక్టు ఏ నెలతో తీరిపోతుందో ఆయన నాలుక చివర ఉండేది. దిలావర్‌ది ప్రొద్దుటూరు. కుర్రతనంలో కడప జిల్లా జట్టుకు గోల్‌కీపర్. తర్వాత ఒక జూనియర్ కాలేజీలో పార్ట్‌టైమ్ ఆటల మాస్టరు. జీతం మూడు నెలలకోసారి, అదీ దయ కలిగితే. ఆ రోజుల్లో ఏజెంటు "ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో పని" అని చెప్పి పంపించాడు. ఏజెంటు చెప్పినవాటిలో అబద్ధం కానిది అదొక్కటే. గ్రౌండ్‌లోనే పని. కాకపోతే వీసా స్టోర్‌కీపర్‌ది. ఇకామాలో మెహ్నా, అంటే ఏ వృత్తి మీద వచ్చాడన్న గీత, దాని ఎదురుగా స్టోర్‌కీపర్ అనే ఉంది.

పని తేలికే. బంతులు, వలలు, చొక్కాలు, నీళ్ళ సీసాలు. ఆట అయ్యాక కుర్రాళ్ళు బూట్లు స్టోర్‌లో వదిలేసి పోతారు. మట్టి దులిపి, తుడిచి, అరల్లో పెట్టాలి. దిలావర్‌కు ముందు వచ్చినవాడు అన్నీ ఒక డ్రమ్ములో పడేసి నీళ్ళ పైపు పెట్టేవాడట. దిలావర్ ఒక్కో బూటును తిరగేసి అడుగు చూసేవాడు. మొదట్లో గోపాలకృష్ణ నవ్వాడు.

"ఏటయ్యా, జాతకం చూస్తున్నావా?"

"జాతకమే అన్నా. ముఖం సూస్తే ఏం తెలుస్తాది? అడుగు సూడల్ల. వీడు సూడు, మడమ మీద నిలబడతాడు. బంతి వచ్చినాక కదుల్తాడు, రాకముందు కదలడు."

అట్లా చూస్తూ చూస్తూ ఒకరోజు రయ్యాన్ బూట్లు పట్టుకున్నాడు. రయ్యాన్ అప్పుడే కొత్తగా జట్టులో చేరిన గోల్‌కీపర్. పొడుగు కుర్రాడు, మంచి వేగం. కుడి బూటు కింద లోపలి వైపు గుబ్బలు అరిగిపోయాయి. ఎడమ బూటు గుబ్బలు కొట్లోంచి తెచ్చినట్టే ఉన్నాయి. దిలావర్ ఆ రెండూ పట్టుకుని హెడ్ కోచ్ లస్సాద్ దగ్గరికి వెళ్ళాడు. లస్సాద్ ట్యునీసియా మనిషి. ఎర్రటి ముఖం, తొందర ఎక్కువ. దిలావర్ తనకొచ్చిన అరబ్బీలో, మిగతాది చేతులతో చెప్పాడు: ఈ పిల్లవాడు కుడివైపుకే బలంగా దూకుతాడు, ఎడమ కాలు నేలను తన్నటం లేదు.

లస్సాద్ నవ్వి, సరే చూద్దామని, గోల్‌కు ఎడమవైపు పది బంతులు కొట్టించాడు. ఏడు లోపలికి పోయాయి. మర్నాటి నుంచి గోల్‌కీపర్లను దిలావర్‌కు అప్పజెప్పాడు.

అది మొదలు. మూడేళ్ళలో గోల్‌కీపర్లే కాదు, ఫ్రీకిక్‌కు గోడ కట్టటం, కార్నర్‌కు ఎవరెక్కడ నిలబడాలో చెప్పటం కూడా దిలావర్ పనే అయింది. కుర్రాళ్ళు కోచ్‌లను "కాబ్తిన్" అని పిలుస్తారు. దిలావర్‌నూ అట్లాగే పిలవటం మొదలుపెట్టారు. మొదటిసారి విన్నప్పుడు అతను వెనక్కి తిరిగి చూశాడట, ఎవరో వచ్చారనుకుని.

అసలు అసిస్టెంట్ కోచ్ వేరే ఉండేవాడు. హెడ్ కోచ్ వస్తూ వస్తూ తన మనిషిని వెంట తెచ్చుకోవటం అక్కడి ఆచారం. ఆ మనిషికి ఒక ఐప్యాడ్ ఉండేది. దిలావర్ మధ్యాహ్నం చేత్తో చూపించిన ఎత్తులు సాయంత్రానికి ఆ ఐప్యాడ్‌లో రంగురంగుల బాణాలై కనిపించేవి. జీతాల పట్టీ గోపాలకృష్ణ చేతిలోదే కాబట్టి ఆయనకు రెండు గీతలూ కనిపించేవి. అసిస్టెంట్ కోచ్‌కు ఎనిమిదిన్నర వేల రియాళ్ళు, ఇల్లు, పిల్లల బడి ఖర్చు. స్టోర్‌కీపర్‌కు రెండు వేల నాలుగొందలు. ఆ మాట ఒకసారి నోరు జారి దిలావర్ దగ్గర అన్నాడు.

"పోనీలేన్నా, ఆయప్పకు ఇంగ్లీషు వచ్చు" అన్నాడు దిలావర్. మళ్ళీ, "జీతం అట్లుండనీ. ఆ బెంచీ మీద కూర్చోవల్లన్నా నాకు. పేరు రాస్తారు సూడు కాగితం మీద, మ్యాచ్‌కు ముందు. అందులో కోచ్ అని నా పేరుండల్ల" అన్నాడు.

మ్యాచ్ రోజున బెంచీ మీద కూర్చోవాలంటే కార్డుండాలి. కార్డు రావాలంటే కోచింగ్ సర్టిఫికెట్ ఉండాలి, ఇకామాలో మెహ్నా కోచ్ అని ఉండాలి. అవి లేవు కాబట్టి దిలావర్ నీళ్ళ మనిషి లెక్కన గీత బయట, గోల్ వెనకాల నిలబడేవాడు. అరవకూడదు. అరిస్తే రిఫరీ పంపించేస్తాడు. అందుకని నీళ్ళ సీసాలతో మాట్లాడటం కనిపెట్టాడు. గోల్ స్తంభం పక్కన ఆకుపచ్చ సీసా పడుకోబెడితే రెండడుగులు ముందుకు రమ్మని. రెండు సీసాలు ఆనించి పెడితే గోడలో ఇంకొకణ్ణి నిలబెట్టమని. రయ్యాన్ నీళ్ళు తాగే నెపంతో అటు చూసుకునేవాడు. ఒకసారి రిఫరీ అనుమానమొచ్చి సీసాలన్నీ తీయించేశాడు. దిలావర్ తలపాగా తీసి, అటు జరగమని స్తంభానికి కుడివైపు ఆరేశాడు. ఆ మ్యాచ్ గెలిచారు. ఆ వారమంతా షాపుకు పోతే కుర్రాళ్ళు అతన్ని షావర్మాకు డబ్బులు ఇవ్వనివ్వలేదు.

నిరుడు వేసవికి ముందు లస్సాద్ ఒక ఉత్తరం రాశాడు. దిలావర్‌ను అసిస్టెంట్ కోచ్‌గా తీసుకోండి, ఇతను నాకు కావాలి అని. క్రీడల విభాగం ముదీర్, అంటే డైరెక్టరు, దాని మీద సంతకం పెట్టి, సర్టిఫికెట్ తెస్తే మెహ్నా మార్చండని గోపాలకృష్ణ బల్ల మీదికి పంపించాడు. దిలావర్ ఆ ఏడు సెలవుకు ఇంటికి పోలేదు. భార్య జాహెదా ఫోన్లో అలిగింది. రియాద్‌లోనే మొదటి స్థాయి కోర్సులో చేరాడు. పాఠాలు అరబ్బీలో. రాత్రిళ్ళు బొమ్మలు గీసుకుని, కింద తెలుగులో రాసుకునేవాడు. తరగతిలో అందరికంటే పెద్దవాడు తనే. పాసయ్యాడు.

సెప్టెంబరులో సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవరులో పెట్టి తెచ్చి గోపాలకృష్ణ బల్ల మీద ఉంచాడు. ఇంట్లోనే ఇవ్వొచ్చు. అయినా ఆఫీసుకే తెచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని.

"ఇదో అన్నా. నీ చేతికి ఇస్తాండా."

గోపాలకృష్ణ కాగితం వెలుతురుకెత్తి చూశాడు. ఫోటోలో దిలావర్ నవ్వటం లేదు, ఊపిరి బిగబట్టుకున్నాడు. "శభాష్‌రా అబ్బాయ్" అన్నాడు. కాగితం సొరుగులో పెట్టాడు. అది ఆ సొరుగులోంచి మళ్ళీ బయటికి రాలేదు.

ఎందుకు అంటే, ఆయనకొక కారణం ఉంది. ఆ పదకొండేళ్ళలో ఐదుగురు హెడ్ కోచ్‌లు మారారు. ఒక్కొక్కరు పోయినప్పుడల్లా వాళ్ళ అసిస్టెంట్లూ పోయారు. కోచ్‌ల కాంట్రాక్టు ఏడాదిదే. రెండు మ్యాచ్‌లు ఓడిపోతే చాలు, ఆదివారం పొద్దున్నే దేశం వదిలే ఎగ్జిట్ కాగితాలు తయారు చెయ్యమని గోపాలకృష్ణకే చెప్పేవారు. ఈజిప్టు అసిస్టెంట్ ఒకడు వచ్చి, "పిల్లల పరీక్షలు మార్చిలో అయిపోతాయి, అప్పటిదాకా ఆగండి" అని బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఆగలేదు. ఆ మనిషి ఇల్లు ఖాళీ చేస్తూ పిల్లల సైకిలు మౌలా సాహెబ్‌కు ఇచ్చేసి పోయాడు. ఇంతమంది వచ్చి ఇంతమంది పోతే, కదలకుండా ఉన్నవాడు స్టోర్‌కీపర్ ఒక్కడే. స్టోర్‌కీపర్‌ను ఎవరూ ఓడిపోయినందుకు తీసెయ్యరు.

గల్ఫ్‌లో ముప్ఫయ్యేళ్ళు ఉన్నవాళ్ళకు ఒక భయం ఒంటబడుతుంది. నడుస్తున్న కాగితాన్ని ముట్టుకోకూడదు. డ్రైవరుగా వచ్చి వంట చేస్తున్నవాడు, కూలీగా వచ్చి లెక్కలు రాస్తున్నవాడు, అందరూ మెహ్నా జోలికి పోకుండా బతుకు వెళ్ళదీస్తారు. కదిపితే ఏ పురుగు బయటికొస్తుందో తెలియదు. గోపాలకృష్ణ ఎందరికో ఈ సలహా ఇచ్చాడు. దిలావర్‌కు మాత్రం ఇవ్వలేకపోయాడు. ఇస్తే వినడని తెలుసు. అందుకని ఇవ్వకుండానే అమలు చేశాడు.

ఇంకో కారణం కూడా ఉంది. కోచ్‌లకు కాలేజీ వేరే ఇల్లు ఇస్తుంది. దిలావర్ వెళ్ళిపోతే ఆ ఫ్లాటులో తనొక్కడే. దీన్ని ఆయన చాలాకాలం కారణాల్లో కలుపుకోలేదు.

"ఏమాయన్నా నా కాగితం?" అని దిలావర్ వారానికోసారి అడిగేవాడు.

"సిస్టమ్‌లో ఉందయ్యా. వాళ్ళ పని నీకు తెలీదేటి?"

"తెలీకేం. మెల్లగానే కానీలే."

డిసెంబరులో సెమీఫైనల్ ఓడిపోయారు. లస్సాద్‌ను తీసేశారు, ఐప్యాడ్ అసిస్టెంట్‌నూ తీసేశారు. ఇద్దరి ఎగ్జిట్ కాగితాలూ ఒకే రోజు కొట్టాడు గోపాలకృష్ణ. లస్సాద్‌కు జెద్దాలో ఏదో చిన్న క్లబ్బు దొరికి ఆ కాగితం రద్దు చేయించుకున్నాడు, అది వేరే సంగతి. ఆ సాయంత్రం గోపాలకృష్ణ ఇంటికి వస్తూ చేపలు కొన్నాడు. తను చేసింది మంచి పనేనని అంత గట్టిగా అంతకుముందెన్నడూ అనిపించలేదు. కాగితం పెట్టి ఉంటే ఇవాళ మూడో ఎగ్జిట్ దిలావర్‌దే అయ్యేది కదా! ఆ మాట పైకి అనలేడు కాబట్టి చేపల పులుసులో ఇంకో ముక్క అతని కంచంలో వేశాడు.

కొత్త హెడ్ కోచ్ తన మేనల్లుణ్ణి అసిస్టెంట్‌గా తెచ్చుకున్నాడు. ఆ పిల్లవాడికి ఇరవై ఏడేళ్ళు. మొదటి వారంలోనే దిలావర్‌ను పిలిచి, "నువ్వు స్టోర్, స్టోర్ మాత్రమే" అని వేలితో చూపించాడు. కుర్రాళ్ళెవరో "కాబ్తిన్ దిలావర్" అంటే, "ఇక్కడ కాబ్తిన్‌లు ఇద్దరే" అన్నాడు. సీసాలు మేనల్లుడు చెప్పిన చోటే పెట్టాలి. రయ్యాన్ రెండు మ్యాచ్‌లలో ఎడమవైపు మూడు గోల్స్ వదిలాడు. దిలావర్ గోల్ వెనక చేతులు కట్టుకుని నిలబడి చూశాడు. ఇంటికొచ్చి ఆ రోజు అన్నం తినలేదు.

"ఎడమ కాలు మళ్ళీ పడుకుండాది వానికి" అన్నాడు. "రోజుకు పది నిమిషాలు చాలన్నా. పది నిమిషాలు ఇయ్యరు."

ఫిబ్రవరిలో ఫౌండింగ్ డే వచ్చింది. దేశమంతా సెలవు. వీధిలో పిల్లలు పాతకాలపు దుస్తులు వేసుకుని జెండాలు పట్టుకుని తిరుగుతున్నారు. దిలావర్ మధ్యాహ్నం రాగిసంగటి చేశాడు. జెద్దాలో షరఫియా నుంచి ఎవరో తెలిసినవాళ్ళు పంపిన రాగిపిండి. గోపాలకృష్ణకు సంగటి కెలకటం చేతకాదు, తినటం మాత్రం నేర్చుకున్నాడు.

ముద్దలు చేస్తూ, తలెత్తకుండా దిలావర్ అడిగాడు. "అన్నా, ఒక మాట. కాగితం పెట్టినావా?"

"పెట్టేననే కదా చెప్పేను."

"సిస్టమ్‌లో ఉండాది అన్నావు. పెట్టినా అనలేదు."

"ఏటి తేడా?"

"తేడా ఉండాదన్నా నాకు." ముద్ద గిన్నెలో వదిలేసి ఇటు తిరిగాడు. "పెట్టకుంటే పెట్టలేదని చెప్పు. నేనేం అనుకోను. కొత్తోళ్ళు వచ్చినారు, కుదర్లేదు అను, ముదీర్ వద్దన్యాడు అను. ఏమైనా అను. నాకు తెలియల్ల అంతే."

గోపాలకృష్ణకు అప్పుడు చెప్పెయ్యాలనే అనిపించింది. మాట నాలుక మీదికి వచ్చింది కూడా. కాని ఆ మాట వెనకే ఐదు నెలలూ నిలబడి ఉన్నాయి. ప్రతి వారం చెప్పిన అబద్ధం ఒక్కొక్కటీ లెక్కకొస్తుంది.

"ఈవేళ పండగ పూట ఇదేం గోలయ్యా?"

"పెట్టినావా, ల్యా?"

"పెట్టేనయ్యా బాబూ! నా మీద నమ్మకం లేదేటి నీకు?"

దిలావర్ ఆయన ముఖం వంక చూశాడు. తర్వాత నవ్వేశాడు. "నీ మీద లేకుంటే ఇంకెవరి మీద ఉంటాదన్నా ఈ ఊర్లో. తిను, చల్లారిపోతాది" అని సంగటి మధ్య గుంట చేసి నెయ్యి వేశాడు. భోజనం అయ్యాక ఫోన్ పట్టుకుని మేడ మీదికి వెళ్ళాడు. ఇంటికి చేసుకుంటున్నాడు కాబోలనుకుని గోపాలకృష్ణ కునుకు తీశాడు.

తర్వాత దిలావర్ కాగితం ఊసెత్తలేదు. రంజాన్ నెల వచ్చింది, పోయింది. అడగకపోవటం గోపాలకృష్ణకు అడగటంకంటే కష్టంగా ఉండేది. పండగ అయ్యాక నిజంగానే పెట్టేద్దామనుకున్నాడు. ఒకరోజు సొరుగు తెరిచి కవరు తీశాడు కూడా. లస్సాద్ ఉత్తరం పాతబడిపోయింది, కొత్త కోచ్ సంతకం కావాలి, మేనల్లుడుండగా అతను పెట్టడు. మళ్ళీ లోపల పెట్టేశాడు. మే నెలలో దిలావర్ బంతులకు గాలి కొట్టి ఇంటికి వచ్చి పడుకున్నాడు.

జాహెదా ఫోన్లో ఎక్కువ ఏడవలేదు. "అక్కడే చేసెయ్యండన్నా. ఆయన ఉన్న చోటే. ఇన్ని రోజులు పెట్టెలో పెట్టి తేవద్దు" అంది. సమ్మతి కాగితం వచ్చింది. మిగిలిన కాగితాలన్నీ గోపాలకృష్ణే చేశాడు. ఆయన పనే అది. పేరు, పాస్‌పోర్ట్ నంబరు, పుట్టిన తేదీ కొట్టాడు. మెహ్నా దగ్గర స్టోర్‌కీపర్ అని కొట్టాడు.

సంతకానికి తీసుకెళ్తే ముదీర్ కళ్ళద్దాలు పైకి నెట్టి ఆ గీత దగ్గర ఆగాడు. "ఇతను కోచ్ కదా? నిరుడు నేను సంతకం పెట్టాను, గుర్తుంది."

"ప్రాసెస్‌లో ఉంది సర్" అన్నాడు గోపాలకృష్ణ. చచ్చిపోయిన మనిషి గురించి కూడా అదే మాట చెప్పానని మెట్లు దిగుతుంటే తెలిసింది. రెయిలింగ్ పట్టుకుని అక్కడే కూర్చున్నాడు. మౌలా సాహెబ్ వచ్చి షుగర్ పడిపోయిందేమోనని చాక్లెట్ ఇచ్చాడు.

జనాజాకు జట్టంతా వచ్చింది. కుర్రాళ్ళు ఒకరి భుజం మీంచి ఒకరు అందుకుంటూ మోశారు. రయ్యాన్ ముందు ఎడమవైపు పట్టుకున్నవాడు ఎవరికీ ఇవ్వలేదు. కొత్త కోచ్ వచ్చాడు, మేనల్లుడు రాలేదు. గోపాలకృష్ణ దూరంగా గోడ నీడలో నిలబడ్డాడు. ముస్లిము కాని తను ఎంత దగ్గరికి వెళ్ళొచ్చో తెలియలేదు. రయ్యాన్ వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. మూడు గుప్పిళ్ళ మట్టి వెయ్యమన్నాడు.

పదిహేను రోజుల తర్వాత ఆఫీసు ఫోన్ మోగింది. జెద్దా నుంచి లస్సాద్. అప్పుడే తెలిసిందట. ఇంగ్లీషులో తడబడుతూ మాట్లాడాడు. అంత తొందర మనిషి మధ్యమధ్య ఆగిపోతున్నాడు.

"నాది కూడా తప్పే" అన్నాడు. "నేనింకా గట్టిగా లాగాల్సింది. ఇక్కడికి వచ్చేసి ఉంటే, ఏమో, డాక్టర్లున్నారు, క్లబ్బులో ప్రతి నెలా గుండె పరీక్ష చేస్తారు."

"ఎక్కడికి వచ్చేసి ఉంటే?"

"నీకు చెప్పలేదా? అసిస్టెంట్‌గా పిలిచాను. ఆరు వేలు. మెహ్నా మొదటి నెలలోనే మార్చి ఇస్తామన్నారు మావాళ్ళు. బెంచీ మీద నా పక్కనే."

గోపాలకృష్ణ ఫోన్‌ను రెండో చెవికి మార్చుకున్నాడు. ఎప్పుడు అని అడిగాడు.

"ఫౌండింగ్ డే నాడు. పొద్దున ఫోన్‌లో సరే వస్తానన్నాడు, టికెట్ తియ్యమన్నాడు. మధ్యాహ్నం మళ్ళీ ఫోన్ చేసి, వద్దు కాబ్తిన్, ఇక్కడ నా కాగితం పెట్టారట, నేను మధ్యలో వదిలేసి వస్తే పెట్టిన మనిషికి మాట వస్తుంది అన్నాడు."